నడకకి వాయించిన మాస్టారు

మిక్సింగు మాస్టారు పోయారని వన్ టౌన్ నుంచి ఫోను వచ్చేసరికి నేనొక పెళ్ళి వీడియోకి పాట కలుపుతున్నాను. అది పూర్తి చేశాకే లేచాను. మధ్యలో వదిలితే ఆయనకి నచ్చదు.

బెజవాడ చుట్టుపక్కల మీ ఇంట్లో పెళ్ళి క్యాసెట్ ఉంటే, దాని మీద ఆయన చెయ్యి పడే ఉంటుంది. మేడమెట్ల కింద గది, రెండు వీసీఆర్లు, ఒక టీవీ, చిన్న కీబోర్డు. పాటల క్యాసెట్ల మీద సినిమా పేర్లు ఉండేవి కావు. ‘ఏడుపు’, ‘వియ్యపురాలి రాక’, ‘భోజనాలు’ అని ఉండేవి. కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకునే మా ఇంట్లో మొదట బడికెళ్ళింది నేనే. డిగ్రీకి విజయవాడ వచ్చి, సాయంత్రాలు ఆయన దగ్గర టైటిళ్ళలో పేర్లు రాసే పనిలో చేరాను.

ఒకరోజు శబ్దం ఆపేసి, తల వంచుకున్న పెళ్ళికూతుర్ని చూపించారు. ఏడుస్తోందా, సిగ్గుపడుతోందా అని అడిగారు. చెప్పలేకపోయాను. వయొలిన్ వేస్తే నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే బొమ్మకి సన్నాయి వేస్తే పిల్ల సిగ్గుపడుతోంది.

“తెల్లవారుజాము ముహూర్తం అమ్మాయ్. నిద్రొస్తోంది దానికి,” అన్నారు.

లావుపాటి మేనత్తలకీ, రెండో లడ్డూ అడిగే పెద్దమనుషులకీ క్యాసెట్లు వాడేవారు కాదు. తెర చూస్తూ కీబోర్డు తనే వాయించేవారు. అడుగు పడ్డాక కొట్టకూడదు, అడుగుతో కొట్టాలి అనేవారు. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. వాళ్ళింట్లో ఆ క్యాసెట్ చూసేవాళ్ళ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

మా అక్క పెళ్ళి క్యాసెట్ నా పరీక్షలప్పుడు ఆయనే చేసి పంపారు. గన్నవరంలో అక్క అత్తగారింట్లో అందరం కూర్చుని చూశాం. పడవకీ రేవు రాయికీ మధ్య నలిగినప్పటినుంచీ మా నాన్న ఎడమకాలు ఈడుస్తాడు. తెర మీద మధుపర్కాల పళ్ళెం పట్టుకుని పందిట్లోకి వచ్చాడు. కుడి అడుగుకి ‘టింగ్’. ఈడ్చిన కాలికి ‘జూయ్’ మని జారే స్వరం. ఒక్క అడుగు తప్పలేదు.

ఇల్లంతా నవ్వింది. “మళ్ళీ వెయ్యండర్రా, అన్నయ్యగారి నడక,” అంది అక్క అత్తగారు. మళ్ళీ వేశారు. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారి గదికి వెళ్ళాను.

“ఆయన మా నాన్న అని మీకు తెలుసు కదండీ?”

“తెలుసు. మొన్నటిదాకా మేనత్తల్ని చూసి నవ్విందెవరు?”

ఆయన కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నారు. కావలసింది వేసుకోమన్నారు. వయొలిన్ వేశాను, నాన్న అడుక్కునేవాడిలా కనిపించాడు. డోలు వేశాను, తాగి ఊగుతున్నట్టున్నాడు. చివరికి అన్నీ తీసేశాను. పందిట్లో జనం గోల, నేల మీద చెప్పు రాపిడి మాత్రం మిగిలాయి.

“ఇక నీకు నేర్పాల్సిందేం లేదు,” అన్నారు మాస్టారు. తప్పయిందని మాత్రం అనలేదు, ఆ రోజూ, తర్వాతా.

కొత్త క్యాసెట్ నేనే గన్నవరం తీసుకెళ్ళాను. అక్క అత్తగారు చూసి తిరిగి ఇచ్చేసింది. “పాతదే బాగుందమ్మా. ఇందులో ఏముంది, ఊరికే నడుస్తున్నాడు.”

ఆయన నేర్పిన పనే ఈరోజుకీ నాకు తిండి పెడుతోంది. మొన్న వన్ టౌన్ వెళ్ళి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. మనస్ఫూర్తిగానే పెట్టాను. అట్నుంచటే గన్నవరం వెళ్ళాను, నాన్న మనవరాల్ని చూడ్డానికి వస్తున్నాడంటే. నేను వెళ్ళేసరికి గేటు దాటి లోపలికి వస్తున్నాడు. అరుగు మీద అక్క కూతురు, నాలుగేళ్ళది, ఆ పాత క్యాసెట్ చూసిచూసి నేర్చుకున్నది, అడుగు అడుగుకీ నోటితో వాయిస్తోంది. టింగ్. జూయ్. టింగ్. జూయ్. మధ్యలో దానికి నవ్వొచ్చి ఆగిపోయింది. అది మళ్ళీ అందుకునేదాకా నాన్న కుడికాలు పైకెత్తి, గోడ పట్టుకుని, అలాగే నిలబడి ఉన్నాడు.