సైగాన్ చాకలావిడ ఉత్తరం

డెబ్బైల మొదట్లో, చోడవరం బస్టాండులో ఇంగ్లీషు పేపరు చదువుకుంటున్నాను. పక్కన కూర్చున్న ముసలాయన జేబులోంచి నలిగిన కాగితం తీశాడు.

“బాబూ, ఇవి ఇంగ్లీషు అచ్చరాలే గదా. సదివి పెడతావేటి?”

అక్షరాలు ఇంగ్లీషువే గాని ఒక్క మాటా అర్థం కాలేదు. ఏ భాషని అడిగాను.

“వియత్నాంది. యాభై నాలుగులో అక్కడ యుద్ధం ఆగిందో లేదో సూడ్డానికి మన మిలటరీని పంపేరు, అందులో నేనెల్లేను. సైగాన్‌లో మా బట్టలుతికే ఆవిడ కొడుకు అవతలి పక్క, హనోయ్ సైన్యంలో ఉండీవోడు. మా ఇమానం అక్కడికీ ఎల్తాదని ఇది నా సేతికిచ్చింది. ఉత్తరాలు మొయ్యకూడదని మాకు ఆర్డరు. అర్థం కాకపోతే మానె, పైకి సదువు.”

కూడబలుక్కుంటూ చదివాను. ఆయన తల వంచుకుని విన్నాడు. చివరి మాట ‘మీ’ అన్నాను.

“మీ కాదు, మే. ఆవిడ్ని కూతురు అలాగే పిలిసీది. అమ్మన్నమాట.”

ఉత్తరం అందలేదని ఆవిడకు తెలుసా అని అడిగాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇచ్చీసేనని సెప్పేను బాబూ. ఏడాదైనా కొడుకు జవాబు రాయలేదని, ఆ గుంటడి పేరెత్తడం మానీసింది.”