ఆశ చావనివాళ్ల గుంపు

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రభుత్వ ఉద్యోగాలకు కోచింగ్ ఇచ్చే ఒక సంస్థలో చాలా ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. కింద చెప్పుల దుకాణం, పై అంతస్తుల్లో మా తరగతులు, కిటికీ తీస్తే మెట్రో రైలు. ఇప్పుడు ఆ మెట్లు కనబడకుండా వేరే వీధిలోంచి తిరిగి వెళ్తాను. అప్పట్లో మాత్రం ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది.

నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి నా దగ్గర చదువుకుంది. తల్లితో మీర్‌పేట్‌లో కిరాయి ఇంట్లో ఉండేది. పరీక్ష రాయడం, తప్పడం, మళ్లీ రాయడం. ముప్పై దాటబోతుండగా, చివరిసారి ఫలితాలు వచ్చాక ఒక మధ్యాహ్నం స్టాఫ్ గదికి వచ్చి ఇక చదవనని చెప్పింది. బాటసింగారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర ఆఫీసు పని దొరికిందట. ఏ లారీ ఎప్పుడొస్తుందో చూసుకోవాలి, రైతులతో ఫోన్లో మాట్లాడాలి.

"బాధేం లేదు సార్. ఇడిసిపెట్టినంక మంచిగ నిద్ర పడ్తుంది," అంది.

మంచి నిర్ణయం తీసుకున్నావమ్మా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె ముఖంలో అంత తేట నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజుల్లోనే మా యజమాని ఎల్బీ నగర్‌లో కొత్త ఆఫీసు తెరిచి ఒక డేటా మేనేజర్‌ను పెట్టాడు. పాతికేళ్ల మర్యాదస్తుడు. పాఠాలు చెప్పేవాళ్లందరినీ కూర్చోబెట్టి బిగ్ డేటా అంటే ఏమిటో వివరించాడు. చక్కగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కిరాణా కొట్టాయనకు తన వీధిలో ఎవరు ఏ పప్పు కొంటారో గుర్తుంటుంది. ఊరంతా గుర్తుండదు. కొనకుండా చూసి వెళ్లిపోయినవాళ్లు అసలే గుర్తుండరు. ఇప్పుడు ఆ చూసి వెళ్లిపోవడం కూడా నమోదవుతోంది. మా యాప్‌లో ఎవరు ఏ వీడియో ఎక్కడ ఆపారు, ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారు, ఏ పేజీకి మళ్లీ మళ్లీ వచ్చారు, కౌన్సెలర్‌తో ఫోన్లో ఏం మాట్లాడారు, అన్నీ క్షణక్షణం వచ్చి పడుతుంటాయి. మనిషి కూర్చుని చదివితే తరిగేది కాదది. యంత్రం చదువుతుంది. ఒకే తీరుగా మసలేవాళ్లను గుంపులు కట్టి, ఏ గుంపు రేపేం చేస్తుందో ముందే చెబుతుంది. సరుకు ఎక్కడ అవసరమో ముందే తెలిస్తే పండు కుళ్లదు, బస్సు ఖాళీగా తిరగదు, వ్యాపారి గుడ్డిగా ప్రకటనలివ్వక్కర్లేదు. ఇదంతా నాకు నిజమేననిపించింది.

అయితే మన పిల్లలు ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారో కనబడుతుందా అని అడిగాను. కనబడుతుంది సార్, ఆ రిపోర్టు ఎవరూ అడగలేదు అన్నాడు.

తర్వాత తెర మీద గుంపులు చూపించాడు. అందులో ఒకదానికి వాళ్లు పెట్టుకున్న పేరు, ఆశ చావనివాళ్లు. పరీక్ష తప్పి, చదువు మానేసి, అయినా తమ పాత మార్కుల పేజీ తెరిచి చూసుకునేవాళ్లన్నమాట.

"పాసయ్యేవాళ్లు ఒక్కసారే చేరతారు సార్. వీళ్లు మళ్లీ చేరతారు. మన బిజినెస్‌కి వీళ్లే ముఖ్యం."

ఎగతాళిగా అనలేదు. నీరు ఎంత వేడికి మరుగుతుందో చెప్పినట్టు చెప్పాడు. యజమాని తలూపాడు. నా చేతిలో సగం తిన్న సమోసా ఉంది. పళ్లెంలో పడేసి రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాను. ఆ జిడ్డు పోలేదు.

కొన్ని వారాల తర్వాత ఆ అమ్మాయి మెడలో మా సంస్థ కొత్త ఐడీ కార్డుతో మెట్లెక్కుతూ కనబడింది. మార్కెట్ పని మానేసి మళ్లీ కోచింగ్‌లో చేరిందట. సంస్థ నుంచి ఫోన్లు వచ్చాయని, మొదట కోపంగా వద్దని చెప్పానని, తర్వాత తల్లికి కూడా చేశారని, కొత్త ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందన్నారని తలొంచుకుని చెప్పింది.

ఆ సాయంత్రమే ఎల్బీ నగర్ వెళ్లి మేనేజర్‌ను నిలదీశాను. వద్దన్న మనిషికి మళ్లీ ఎందుకు చేశారన్నాను. అతను ఓపికగా స్క్రీన్ నా వైపు తిప్పాడు. వద్దని చెప్పడానికి ఆమె చాలాసేపు లైన్లో ఉందట.

"కోపంగా మాట్లాడినా మాట్లాడినట్టే సార్. ఫోన్ పెట్టేసేవాళ్లే మనకు పనికిరారు. ఆమె మళ్లీ చేరుతుందనే స్కోరు ఆ కాల్‌తోనే పెరిగింది."

ఆదివారం మధ్యాహ్నాలు ఆమె మార్కుల పేజీ చూస్తుంది కాబట్టి ఆదివారమే చేయించాడట. ఆమెను తర్వాతి మీటింగులో ఉదాహరణగా చూపిస్తానన్నాడు. పేరు మాత్రం బయటపెట్టం సార్, ప్రైవసీ ముఖ్యం కదా అని కూడా అన్నాడు. అతని ముఖం మీద ఉమ్మాలనిపించింది. యజమాని గదిలోకి వెళ్లి ఇది నీచం అన్నాను.

"మనమేవన్నా బలవంతం చేశామా మాస్టారూ? ఆవిడ కాళ్లతో ఆవిడే నడిచొచ్చింది," అన్నాడాయన. మాదీ ఆయనదీ ఒకే జిల్లా. ఆ యాస వినగానే నాకు మరింత రోత పుట్టింది.

మర్నాడు తరగతి అయ్యాక ఆమెను ఆపి, నేను చూసింది చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు.

"ఆ ఫోన్ చేసినామె మంచిగ మాట్లాడింది సార్. జరంతల తప్పినవ్, నీకొస్తది అన్నది. మాతోని గట్ల ఎవలు మాట్లాడ్తరు?"

ఆ మాట ఎప్పుడు, ఎవరితో అనాలో కూడా యంత్రమే చెబుతుందన్నాను. ఆమె సంచిలోంచి ఫోన్ తీసి దాని వంక చూసింది.

"నా గురించి ఇంకేం తెల్సు వాళ్లకు?"

ఆదివారాల సంగతి చెప్పాను. మార్కుల పేజీ సంగతి చెప్పాను. ఆమె ముఖం ముడుచుకుపోయింది. చున్నీ భుజాల మీదుగా దగ్గరికి లాక్కుంది.

"బట్టలు మార్చుకుంటుంటే కిటికీలకెళ్లి చూసినట్టుంది సార్," అంది.

అక్కడే నిలబడి యాప్ తీసేసింది. కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. బాటసింగారంలో ఆమె పాత చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. కొన్నాళ్లు తిరగ్గా పక్క వ్యాపారి పెట్టుకున్నాడు. ఫోన్ నెంబరు మార్చేసింది. తనకు అలవాటైన రైతులందరికీ కొత్త నెంబరు చెప్పుకోవడం పెద్ద పరేషానీ అయిందట.

బ్యాచ్ పూర్తి కాగానే నేనూ మానేశాను. ఇప్పుడు కొత్తపేటలో మా ఇంటి ముందు గదిలో కొద్దిమందికి చెబుతున్నాను. మానేసినందుకు గొప్పగా ఏమీ లేదు. ఆ తెర ఇంకా అక్కడ వెలుగుతూనే ఉంది, ఇంకెవరికో ఏదో ఆదివారం ఫోన్ మోగుతూనే ఉంటుంది.

మామిడికాయల కాలంలో ఆమె కొత్త నెంబరు నుంచి ఒకసారి ఫోన్ చేసింది. వెనకాల లారీల హారన్లు, ఎవరివో కేకలు. బాగానే ఉన్నానంది. మాట్లాడి పెట్టేశాక ఆ నెంబరును ఆమె పేరుతో ఫోన్లో దాచుకోబోయాను. నా ఫోన్లోని ఏ యాప్ దాన్ని ఎవరికి చేరవేస్తుందో నాకే తెలియదు. చేతికి ఏదో అంటినట్టనిపించి, నెంబరు దాచకుండానే ఫోన్ పక్కన పెట్టేశాను.