ఉప్పునీళ్ళలో మరమేకు

చనిపోయినవాళ్ళు కనిపించారని ఎవరైనా చెబితే నాకు నవ్వొచ్చేది. జాలర్ల ఊరు భావనపాడులో పుట్టినదాన్ని. తెల్లవారకముందే ఒడ్డుకెళ్ళి తెప్పల కోసం ఒంటరిగా కాచుకున్న రోజులున్నాయి, ఏ దెయ్యమూ పలకరించలేదు. ఇదీ చూసింది చూసినట్టే చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

పందొమ్మిదివందల అరవైలు అయిపోవస్తున్న రోజులు. మా అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వస్తూ జారిపడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. నౌపడలో రైలెక్కించి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తుంటిలో విరిగిన ఎముక గుబ్బ తీసేసి స్టీలు గుబ్బ పెడతామన్నారు డాక్టరుగారు. పెడితే నడుస్తుంది, లేకపోతే ఇక మంచమే.

అమ్మ ససేమిరా అంది.

“లంగరు ఒక్క వానాకాలానికే తుప్పడతాది. మా ఊరి గాలికి నా ఒంట్లో ఇనుము ఏటవుతాది బాబూ?”

వార్డంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కానీ ఆ భయం ఊరికే రాలేదు. మా ఇంట్లో గొళ్ళెం దగ్గర్నుంచి కత్తిపీట దాకా తుప్పు తినని వస్తువు లేదు. డాక్టరుగారికీ అది అర్థమైంది కాబోలు, అదే లోహంతో చేసిన చిన్న స్క్రూ, మేమనే మరమేకు, ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు.

“ఉప్పునీళ్ళలో పడేయించి చూసుకో. ఎక్కువ రోజులు మాత్రం ఆగలేం,” అన్నారు.

మా అన్న దాన్ని ఊరికి పట్టుకెళ్ళి, చేపలు ఊరేసే కుండలో పడేసి, మూత మీద రాయి పెట్టాడు.

ఇక్కడ అమ్మ కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. చూస్తుండగానే వీపు మీద పుండు మొదలైంది. అన్న దగ్గర్నుంచి కబురు లేదు. డాక్టరుగారు చివరిసారి అడిగితే అమ్మ గోడవైపు మొహం తిప్పుకుంది. నేను తిట్టాను, ఏడ్చాను, కాళ్ళు పట్టుకున్నాను. అమ్మ ఇక లేవదనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం గంజి తాగించి, గ్లాసు కడగడానికి పంపు దగ్గరకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంది.

“ఒసే, మీ నానమ్మ వొచ్చిందే. ‘తుప్పట్టలేదు, లెగు’ అంది. ఆపరేసను సేయించుకుంటానని సెప్పు.”

నానమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. బతికున్నంతకాలం కోడలిని ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టి చూశాను. చల్లగానే ఉంది. అప్పుడు అమ్మ గుప్పిట విప్పింది.

అందులో మరమేకు. తడిగా ఉంది. ఊరేసిన చేపల వాసన కొడుతోంది. దాని మెడకు వలదారం చుట్టి ముడి వేసి ఉంది.

దాన్ని వెలుతురులో పెట్టి చూశాను, ముడి తిరగేసి వేసి ఉంది. నానమ్మది ఎడమచేతి వాటం. ఆమె అల్లిన వలలో ముడులన్నీ ఎదురు తిరిగి ఉండేవి. చిరిగిన చోట వేరేవాళ్ళు అల్లితే ఇట్టే తెలిసిపోయేది. ఊళ్ళో మరెవరూ అలా వేయరు.

మర్నాడు అన్న దిగాడు. నన్ను వరండాలోకి పిలిచాడు.

“రాయి రాయిలాగే ఉన్నాది. కుండలో మేకు నేదు. అమ్మకేటి సెప్పాలే?”

చూపించాను. ముడిని వేలితో తడిమి, మేకును కళ్ళకద్దుకున్నాడు.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు గుబ్బ జారకుండా కాళ్ళ మధ్య దిండు, తర్వాత నర్సు భుజం పట్టుకుని అడుగులు, ఆ తర్వాత చేతికర్ర. గొంతుక్కూర్చోకూడదన్నారు. చేపలు కోసేదానికి అదెలా కుదురుతుంది? అన్న పాత తెప్పదుంగతో ఎత్తుబల్ల చేసి, దానికే కత్తిపీట బిగించి ఇచ్చాడు. అమ్మ మళ్ళీ ఒడ్డుకి తనంత తానుగా నడిచిన రోజు, వెనక నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. ఎవరికి పెట్టానో నాకే తెలియదు.

అన్నే ఎవరితోనైనా పంపాడేమో, అమ్మే ఏదైనా చేసిందేమో అని ఎన్నో విధాల ఆలోచించాను. ఏదీ అతకలేదు. అమ్మ పోయాక మేకు నా దగ్గరకొచ్చింది. దారం నల్లబడింది, మేకు మెరుస్తూనే ఉంది. ముడి విప్పి మేకును ఎవరిచేతనైనా పరీక్ష చేయించమంటాడు మా అబ్బాయి. నేను విప్పనివ్వను. విప్పితే మళ్ళీ అలా వేసేవాళ్ళు లేరు.