జేజి వెనక్కి తెచ్చుకున్న కాయం

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, వేంపల్లె దగ్గర మా పల్లెలో ఏ ఇంట కాన్పు జరిగినా బాలింతకు కాయం మా జేజి చేతిదే. నాన్నను కన్న తల్లిని మేం జేజి అంటాం. శొంఠి, పిప్పళ్లు, వాము దంచి, బెల్లం పాకంలో కలిపి ఉండలు కట్టేది. ఆమె కాయం తిన్న బాలింత జబ్బు పడదని ఊళ్లో పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఆ సంగతి దాచుకునేది కూడా కాదు.

ఆ ఏడు అకాల వానకు మిద్దె కారి, మూటలోని శొంఠి తడిసింది. మా సీమలో ఎండకు మాత్రం కరువు లేదు. తడిసిందేదైనా మిద్దె మీద పరిస్తే సాయంత్రానికి గలగలమంటుంది. జేజి ఆ నమ్మకంతోనే శొంఠిని ఎండబెట్టి, దంచి, పక్కవీధి అక్కకు కాయం చేసి పంపింది. అక్కకు తొలి కాన్పు. మనిషి శానా నీరసంగా ఉంది.

మరునాడు నా దగ్గుకు కషాయం కాయబోయి, జేజి మిగిలిన శొంఠి కొమ్ము ఒకటి విరిచింది. పైకి బాగా ఎండింది, లోపల మాత్రం పచ్చగా బూజు. వాసన చూసింది. కొమ్ము అక్కడే పారేసి మండుటెండలో వీధిలోకి పరుగు తీసింది. వెనకాలే నేను. మేం పోయేసరికి అక్క ఒక ఉండ తినేసింది.

"ఇంక ముట్టొద్దు తల్లీ! శొంఠికి బూజు పట్టిండాది, నేను చూసుకోలేదు," అంది జేజి, వాకిట్లో నలుగురూ వింటుండగానే.

అక్క అత్తకు కోపమొచ్చింది. "ఇన్నేండ్లుగా నీ కాయమే తింటాండాము. ఎండినాక బూజేం జేస్తాది? నీ పేరు నువ్వే చెడగొట్టుకుంటాండావు."

జేజి కాయం గిన్నె ఒళ్లో పెట్టుకుని అక్క మంచం పక్కన కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ కుదురు లేదు. నుదురు తాకి చూసేది, వాకిలి దాకా పోయేది, మళ్లీ వచ్చి కడుపులో నొప్పుందా అని అడిగేది. ఆమెను చూసి, అక్క చచ్చిపోతుందేమోనని నేను ఏడ్చాను.

తెల్లారినా అక్కకు ఏమీ కాలేదు. "చూస్తివా, ఊరికే అల్లరిపాలైతివి," అంది అత్త.

"ఏమీ కాలేదని ఈ పొద్దు తెలిసె. నిన్న తెలీదు గదమ్మా," అని జేజి గిన్నె తీసుకుని లేచింది. ఊరి బయట గుంత తీసి కాయమంతా పూడ్చింది.

ఆ తర్వాత శానాళ్లు కాయానికి ఎవరూ రాలేదు. ఆ ఊరి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు నేనూ జేజినయ్యాను. ఎవరికైనా పచ్చడో పొడో కట్టి పంపితే, తిన్నారని, ఒంట్లో బాగుందని కబురు తెలిసేదాకా నాకు కాలు నిలవదు. చాదస్తమని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. పేరు పోతే పోనీ, మనిషి ఉంటే చాలని మండుటెండలో పరుగెత్తిన ఆమెకు మనవరాలిని నేను.