యంత్రాల మధ్య పాప గురక

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పాపకు దిష్టి తీస్తానంటే కూడా మా ఆవిడ సుజాతను కసిరేవాణ్ణి. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మాది సూళ్లూరుపేట. తడ దగ్గర ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్ని. మా కీర్తనకు అప్పుడు ఐదేళ్లు. ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండేది. పెద్దవాళ్లలా గురక. పిలిస్తే పలికేది కాదు. మొండిదని టీచర్ వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

గూడూరులో డాక్టర్ గారు చూసి, ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగి గాలి దారి మూసేశాయని, అందువల్లే కర్ణభేరి వెనక నీరు చేరి సరిగా వినపడటం లేదని చెప్పారు. ఆపరేషన్‌కు రెండుసార్లు రమ్మన్నారు. రెండుసార్లూ జలుబు, జ్వరం. మత్తు ఇవ్వకూడదని వెనక్కి పంపేశారు.

నిద్రలో గురక ఉన్నట్టుండి ఆగేది. పక్కన కూర్చుని లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు, ఐదు... ఎగశ్వాసతో మళ్లీ అందుకునేది. ఆ కాసేపట్లో నా ప్రాణం పోయి వచ్చేది.

ఆరోజు పాపకు జ్వరం. నేను పొద్దుటి షిఫ్ట్‌లో ఉన్నాను. యంత్రాల మోతకు చెవుల్లో ప్లగ్గులు. పక్కవాడు అరిచినా వినపడదు. అక్కడ, పదకొండున్నరకు, పాప గురక వినిపించింది. తర్వాత ఆగింది. అలవాటుగా లెక్కపెట్టాను. ఐదు. ఎనిమిది. పది. మళ్లీ అందుకోలేదు.

మెషిన్ ఆపేసి, ప్లగ్గులు పీకేసి, ఫోన్ కోసం లాకర్ దగ్గరికి పరుగెత్తాను. సుజాత రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"పాప యాడుండాది?"

"పడుకోనుండాది. మిద్దె మీద గుడ్డలు ఆరేసి ఇప్పుడే దిగినా. ఏమైంది మీకు?"

"పోయి లేపు! ముందు పోయి లేపు సుజాతా!"

అడుగుల చప్పుడు. ఆమె కేక. పాప పెదవులు నీలంగా ఉన్నాయట. ఎత్తి కూర్చోబెట్టి వీపు చరిచింది. పాప ఏడుపు వినపడేదాకా నేను ఫోన్ చెవి నుంచి తీయలేదు.

ఆరోజే ఆసుపత్రిలో చేర్చుకుని, జలుబు తగ్గాక ఆపరేషన్ చేశారు. ఇప్పుడు పక్క గదిలోంచి పిలిచినా పలుకుతుంది.

నేను మూడుసార్లు ఫోన్ చేసినంతసేపూ ఊపిరి ఆగి ఉంటే బిడ్డ మిగిలేది కాదన్నారు డాక్టర్ గారు. అంటే నేను విన్నది జరగకముందే విన్నానా? భయంతో భ్రమపడ్డానని సరిపెట్టుకున్నాను.

నెల తర్వాత క్యాంటీన్‌లో, నా పక్క మెషిన్ మీద పనిచేసే మునిరత్నం అడిగాడు. పాప గురక సంగతి అతనికి నేనెప్పుడూ చెప్పలేదు.

"అన్నా, నువ్వు మెషిన్ ఆపి పరిగెత్తినావే, ఆ పొద్దు మన లైన్‌లో గురకపెట్టింది ఎవురు?"

అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.