రెండు గల్లీల నీళ్ల తొట్లు

మొన్నొక ఉదయం, వనపర్తిలో మా వంటింటి కిటికీలో ఉన్న మనీప్లాంటు సీసాలో నీళ్లు మార్చబోతూ, అందులో సన్నటి దోమపురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదడం చూశాను. మా కోడలు చూసి ఉంటే వెంటనే పారబోయించేది. పారబోయవలసినవే, అందులో సందేహం లేదు. కానీ నేను కళ్లజోడు సర్దుకుని, సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అవి తోక చివర నీటి పైపొరకు ఆనించి తలకిందులుగా ఊపిరి పీల్చే తీరును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మీలో ఎందరికి గుర్తుందో గానీ, రెండువేల సంవత్సరం దాటిన తొలి పదేళ్ల నడుమ మన పాలమూరును కీళ్ల జ్వరం కూలదోసిన ఏడాది ఒకటుంది. ఆ వానాకాలం పొడుగునా గద్వాలలో నేను చేసిన ఉద్యోగం ఇదే, ఊరివాళ్ల నీళ్లలోకి తొంగిచూడటం.

అంతకుముందు నేనొక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. జ్వరం మీద పరిశోధనకు హైదరాబాదు నుంచి వచ్చిన బృందానికి ఇక్కడి మాట తెలిసిన మనిషి కావలసివచ్చి నన్ను చేర్చుకున్నారు. బృందానికి పెద్ద అయిన సార్ పొడుగ్గా, కాస్త వంగి నడిచేవారు, ఏది చెప్పినా చివర ఒక ప్రశ్న తగిలించి వదిలేవారు. పొద్దున్నే వనపర్తిలో బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో మలుపు తిరిగేసరికి బస్సులో సగం మంది జ్వరం కబుర్లే చెప్పుకుంటూ ఉండేవారు. డాక్టర్లు చెప్పే జ్వరం పేరులో చికెన్ అని వినబడుతోంది గనక అది కోళ్ల నుంచే వచ్చిందని నమ్మి చాలా ఇళ్లలో కోడికూర మానేశారు. మురుగు మోరీల్లోని దోమల నుంచి వచ్చిందని తక్కినవాళ్లు అనేవారు. నిజం చెప్పాలంటే నేనూ మోరీల పక్షమే, ఎందుకంటే దోమ అనగానే మురుగునీళ్లు గుర్తుకు రావడం చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ ఒక్కటే.

సార్ మాత్రం ఎవరి మాటా నమ్మమనలేదు, పెంచి చూడమన్నారు. మోరీల్లో దొరికిన పురుగుల్ని ఒక గాజు జాడీలో, ఇళ్లలో తాగే నీళ్ల తొట్ల నుంచి తీసిన వాటిని ఇంకో జాడీలో వేసి, పైన దోమతెర గుడ్డ కట్టి, మేము అద్దెకు తీసుకున్న గదిలో బల్ల మీద పెట్టాం. రోజూ వెళ్లగానే చెప్పులు విడవకముందే వాటి దగ్గరికి పరుగెత్తేదాన్ని. చివరికి రెక్కలొచ్చాయి. మోరీ జాడీలో మామూలు మట్టిరంగు దోమలు. తేటనీళ్ల జాడీలో మాత్రం నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లచారలున్న దోమలు. జ్వరాన్ని మోసేవీ, పట్టపగలు కుట్టేవీ అవే. నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీసి చూపించిన ప్రాణి నా కళ్ల ముందే పొర చీల్చుకుని బయటికి వచ్చి, నీటి మీద ఒక్క క్షణం నిలబడి, రెక్కలు ఆరబెట్టుకోవడం చూసినప్పుడు కలిగిన సంబరం ఇప్పటికీ తలచుకుంటే కొత్తగానే ఉంటుంది.

ఆ జాడీ పట్టుకుని నేను మొదట వెళ్లింది చేనేతవాళ్ల గల్లీలో ఒక పెద్దాయన ఇంటికి. గుంట మగ్గం మీద పెళ్లిచీర ఒకటి సగంలో ఆగిపోయి ఉంది. జ్వరానికి మోకాళ్లూ చీలమండలూ బిగుసుకుపోయి, గుంటలోకి దిగి కాళ్లతో కర్రలు తొక్కడం ఆయనకు చేతకావడం లేదు. మగ్గం ఎదురుగా మంచం వేయించుకుని, ఆగిపోయిన చీర వైపే చూస్తూ పడుకునేవాడు. ఆయన జాడీని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి, "గిది మా తొట్టిలదేనా బిడ్డా? తాగే నీళ్లల్ల పుట్టిందా?" అని అడిగాడు. అవునన్నాను. నీళ్లు మోసి మోసి అలసిపోయిన ఆయన కోడలికి మాత్రం కోపం వచ్చింది.

"మా నీళ్లు ఖరాబ్ అంటున్నవా అక్కా? నల్లా ఎప్పుడొస్తదో తెల్వదు. వచ్చిన్నాడు లైన్ల నిలబడి తెచ్చుకుంటం. గవన్ని పారబోస్తే ఏం తాగాలె?"

ఆమె అడిగింది అలాగే తీసుకెళ్లి సార్ ముందు పెట్టాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, నీళ్లు పారబోయనక్కర లేకుండా తొట్టి మూతికి బిగుతుగా గుడ్డ కడితే దోమ గుడ్లు పెట్టలేదు కదా అన్నారు. అయితే అది నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలి. అందుకని ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గల్లీలు ఎంచుకున్నారు. పై గల్లీలో తొట్లన్నిటికీ గుడ్డలు కడతాం. కింది గల్లీలో ఏమీ చెప్పకుండా, కట్టకుండా, ఊరికే పురుగుల్ని లెక్కపెడతాం. వానలు వెనకబట్టాక రెండిటినీ పోల్చి, పనిచేసిందని తేలితే వాళ్లకూ కడతాం.

పద్ధతి సరైనదే. కానీ కింది గల్లీలో తొలి చూలుతో ఉన్న ఒక అమ్మాయి ఉండేది. నేను వెళ్లినప్పుడల్లా పీట వేసి, టీ పెట్టి, నీళ్లల్ల ఏం చూస్తుండ్రు అక్కా అని నవ్వుతూ అడిగేది. ఆమెకు జ్వరం వస్తే? సార్‌ను అడిగాను. ఆయన కసురుకోలేదు. "అందరికీ కట్టేశామనుకో అమ్మా, జ్వరం తగ్గింది. గుడ్డ వల్ల తగ్గిందా, వానలు పోయి తగ్గిందా? మనకెలా తెలుస్తుంది? తెలియకుండా ఊరూరా ఏం చెబుతాం?" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టలేకపోయాను. ఆ అమ్మాయి ఇంట్లో టీ తాగడం మాత్రం కష్టమైపోయింది.

పై గల్లీ మొదట్లో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకామె ఉండేది, గల్లీ అంతా పిన్నిని పిలిచినట్టు చాచీ అని పిలిచేవారు. గుడ్డలు కుట్టే పని ఆమెకే ఇచ్చాం. చేతిలో టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, తొట్టి తొట్టికీ మూతి కొలిచి, అంచులో నాడా దూర్చి, సంచి మూతిలా లాగి బిగించేలా కుట్టింది. కొద్ది రోజుల్లో పై గల్లీ నీళ్లలో పురుగులు కనబడటం అరుదైపోయింది. మా ఉత్సాహం అంతా ఇంతా కాదు.

ఒకరోజు సార్‌తో కలిసి కింది గల్లీలో లెక్కకు వెళ్లాను. మొదటి ఇంట్లో తొట్టి మీద నీలంరంగు గుడ్డ బిగించి ఉంది. రెండో ఇంట్లో పాత లుంగీ ముక్క, ఆ పక్కింట్లో చీరల కోతముక్కలు అతికించి కుట్టిన పూల గుడ్డ. గల్లీ చివరిదాకా అంతే. పరిశోధన మొత్తం నీళ్లపాలైనట్టు అనిపించి నేను సార్ ముఖంలోకి చూడలేకపోయాను. నేరుగా చాచీ ఇంటికి వెళ్లాం. ఆమె మిషన్ తొక్కడం ఆపకుండానే ఒప్పుకుంది.

"నేనే కుట్టిన సార్. మా చెల్లె ఆ గల్లీలనే ఉంటది, కడుపుతోటి ఉన్న పిల్ల. ఈ గల్లీల దోమ కుడితే బుఖార్ వస్తది, ఆ గల్లీల కుడితే రాదా? దానికొక్కదానికే కుడదామనుకున్న. నల్లా కాడ అది చెప్తే విన్నోళ్లు మాకు గిట్ల కుట్టియ్యమని వచ్చిండ్రు. వద్దని ఎట్లంటా?"

అప్పుడు తెలిసింది నాకు, పీట వేసి టీ ఇచ్చే ఆ అమ్మాయి ఈమె చెల్లెలని. లోలోపల సంతోషించానో, పని చెడిందని బాధపడ్డానో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. సార్ అరుగు మీద కూలబడ్డారు. చాచీ ఇచ్చిన టీ తాగాక, ఎప్పటిలాగే ఒక ప్రశ్నతో లేచారు. "తొట్లు మూసి ఉంచమని మున్సిపాలిటీ కరపత్రాలు పంచిన వీధుల్లో ఒక్కరూ మూయలేదు. ఇక్కడ చెప్పకుండానే అందరూ ఎలా కట్టారు?"

మర్నాటి నుంచి మా పని మారింది. ఇల్లిల్లూ తిరిగి, మీకు ఎవరు చెప్పారు అని మాత్రమే అడిగాం. నల్లా దగ్గర వదిన చెప్పిందన్నారు, తోటికోడలు చూపించిందన్నారు. మున్సిపాలిటీవాళ్లు ఆటోలో మైకు పెట్టి చెప్పింది విన్నామన్నవాళ్లు దాదాపు లేరు. ఒక కాగితం మీద ఇళ్లను గీసి, మాట పోయిన దారిని గీతలతో కలిపితే, గీతలన్నీ రెండు గల్లీలవాళ్లూ బిందెలతో నిలబడే వీధి నల్లా దగ్గర ముడిపడ్డాయి. సార్ నివేదికలో అదే పెద్ద భాగమైంది. గుడ్డ వల్ల జ్వరం తగ్గిందని మాత్రం ఆయన రాయలేదు. పోల్చడానికి గల్లీ మిగలలేదు గనక అది తేలలేదనే రాశారు. తేలలేదని రాయడానికి కూడా ధైర్యం కావాలని నాకు ఆ రోజే అర్థమైంది.

చాచీ చెల్లెలికి జ్వరం రాలేదు, చలి మొదలయ్యే రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. చలి ముదిరే వేళకు మగ్గం పెద్దాయన కొడుకు భుజం పట్టుకుని గుంటలోకి దిగాడు. కొంచెం నేసి, కొంచెం ఆగి, ఆ చీర పూర్తి చేశాడు.

ఈమధ్య ఒక పెళ్లికి గద్వాల వెళ్లినప్పుడు ఆ గల్లీలు చూసి వచ్చాను. ఇంటింటికీ నల్లా ఉంది, డాబా మీద మూతలున్న నల్ల ట్యాంకులున్నాయి, వీధి నల్లా ఉన్నచోట మోటారుసైకిళ్లు నిలబెట్టారు. బిందెలతో ఆడవాళ్లు గంటల తరబడి నిలబడే ఆ కష్టం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు, నేనూ కోరుకోను. కానీ మూసిన గేట్ల మధ్య నడుస్తూ ఒక్కమాట అనుకోకుండా ఉండలేకపోయాను. ఆ పరిశోధన ఈరోజు మొదలుపెడితే, బహుశా సార్ కోరుకున్నట్టే చక్కగా సాగుతుంది. పై గల్లీలో ఏం జరుగుతోందో కింది గల్లీకి తెలియదు.