తడపకుండా పోసిన పల్లికాయ

మనుషులు ఎంత సోమరితనంతో ప్రశ్నలు అడగగలరో నాకు ఒక పల్లికాయ మిషన్ వల్ల తెలిసింది. మా మిల్లులో ఉన్న ఇనుప మిషన్ సంగతి కాదు. మా అమ్మాయి కంప్యూటర్లో కట్టిన మిషన్ సంగతి.

వనపర్తి నుంచి గోపాల్‌పేట పోయే దారిలో మాకో చిన్న మిల్లుంది. పల్లికాయ కొని, కొట్టించి, గింజ అమ్ముతాం. మా అమ్మాయి ఇంజనీరింగు ఆఖరి ఏడాదిలో ఉంది. చదరపు దిమ్మెలతో లోకం కట్టుకునే ఆట ఒకటి దాని ప్రాణం. అందులో గని తవ్వొచ్చు, పొలం దున్నొచ్చు, ఇల్లు లేపొచ్చు. అసలు ఆటలో లేనివాటిని బయటివాళ్లు తయారుచేసి తగిలిస్తే దాన్ని మాడ్ అంటారట. మా అమ్మాయి చేసిన మాడ్ నిండా మా పక్క యంత్రాలే. బోరు మోటారు, నూనె గానుగ, పల్లికాయ మిషన్. ఏ యంత్రానికి ఏ సామాను ఎట్లా పేర్చాలో చెప్పే వరసను వాళ్ల భాషలో రెసిపీ అంటారు. ఇనుప రేకులు, ఒక జల్లెడ, ఒక మోటారు, పొట్టు ఎగరగొట్టే ఫ్యాను పేరిస్తే పల్లికాయ మిషన్ వస్తుంది. అయితే కాయ పోసేముందు దానిమీద ఒక బకెట్టు నీళ్లు చల్లాలి. చల్లకుండా పోస్తే గింజకు బదులు బద్దలొస్తాయి.

మా మిల్లులో జరిగేదీ అదే. గలగలా ఎండిన కాయను అట్లాగే మిషన్లో పోస్తే గింజ రెండుగా చీలుతుంది, పైన ఉన్న ఎర్ర పొర ఊడుతుంది. ఆ సరుకును విత్తనానికి ఎవరూ ముట్టరు, నూనెకు పోవాల్సిందే. అందుకని కాయమీద నీళ్లు చిలకరించి, కుప్ప చేసి, పైన గోనె పట్టాలు కప్పి, పొట్టు మెత్తబడేదాకా ఆగి, అప్పుడు పోస్తాం. అమ్మాయి ఇది చూస్తూ పెరిగింది కాబట్టి ఆటలోనూ పెట్టింది. దాని విషయంలో నేను మెచ్చుకున్న సందర్భాలు తక్కువే. అందులో ఇదొకటి.

మాడ్ పెట్టిన పేజీ కింద ఆడేవాళ్లు ప్రశ్నలు, సలహాలు రాసే చోటుంది. కాలేజీ ప్రాజెక్టుతో సతమతమవుతూ ఒకరోజు అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, నీకు ఎవరితోనన్న కొట్లాడకుంటే తిన్నది అరగదు కదా. జర వీళ్లకు జవాబులు రాయరాదే."

"నేను డిగ్రీ చదివింది గిందుకేనా?"

"కెమిస్ట్రీనే కదా చదివినవ్. నీళ్లెందుకు చల్లాల్నో నువ్వైతేనే మంచిగ చెప్తవ్."

ఒప్పుకున్నాను. ఆ పేజీ తెరిచిన మొదటి రోజే రోత పుట్టింది.

నీళ్లు చల్లాలని పేజీ మొదట్లో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బొమ్మ కూడా ఉంది. దాని కిందనే ఒకడు, 'గింజ పగులుతోంది, మీ మాడ్ చెడిపోయింది' అని రాశాడు. వాడి కిందివాడు అదే అడిగాడు. ఆ కిందివాడు పైన ఇద్దరూ అడిగింది చదవకుండా మళ్లీ అదే అడిగి, చివర్లో కోపంతో ఎర్రబడ్డ మొహాలు వరసగా పెట్టాడు. ఊరికే దొరికిన సరుకు ఇది. చేతిలో పడ్డదాన్ని తిప్పి చూసే ఓపిక లేదు కానీ, చేసిన మనిషిని గద్దించే ఓపిక మాత్రం దండిగా ఉంది. మా మిల్లుకు కాయ తెచ్చే రైతు నయం. గొడవ పడ్డా ముందు సరుకు చేతిలోకి తీసుకుని చూసి పడతాడు.

సలహాలైతే ఇంకా రోత. వజ్రాలతో మిషన్ చేసుకునేలా రెసిపీ పెట్టండి, అప్పుడు పోసిన కాయకు రెట్టింపు గింజ రావాలి అంటాడొకడు. కాయ పోస్తే పల్లిపట్టీ నేరుగా కాగితంలో చుట్టుకుని రావాలట ఇంకొకడికి. కొత్తకోట హైవే పక్కనే ఉంటానని చెప్పుకున్నవాడు మోటారు తీసేసి లారీ ఇంజను పెట్టమన్నాడు. దానికి ఎంతో కొంత అర్థముంది, కనీసం వాడు ఇంజను అనేదాన్ని చూశాడు. నాగర్‌కర్నూల్ అబ్బాయి ఒకడు పల్లికాయ ఎందుకు, రాళ్లు పోస్తే బంగారం వచ్చే మిషన్ చేయండి అని రాశాడు. 'గట్ల వచ్చే మిషనుంటే మేమెందుకు బాబూ పల్లికాయ కొడుతున్నం?' అని జవాబిచ్చాను. అందరికీ వాళ్లకు తగ్గట్టే ఇచ్చాను. చదవనివాళ్లకు చదవమని, చదివీ తెలియనట్టు నటించేవాళ్లకు నటించొద్దని.

ఆ తరువాత గద్వాల మనిషి తగిలాడు. తెలుగులోనే రాశాడు.

'అక్కా, కాయకు నీళ్లు కొట్టుడంటే తూకం దొంగతనం. మార్కెట్ల అమ్మేటోళ్లు గట్లనే మోసం చేస్తరు. ఆటల పెట్టి పిల్లగాళ్లకు గిదే నేర్పుతున్నరా?'

మా ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా ఎవరికీ రాని అనుమానం ఇది. ఎక్కడి వాళ్లో నీళ్లెందుకని విసుక్కుంటారు. మా వాడికి మాత్రం తడిసిన కాయ కనబడగానే తక్కెడ గుర్తొస్తుంది. నిజమే, అమ్మేముందు తడిపి బరువు పెంచే వాళ్లున్నారు. మేమూ తిన్నాం ఆ దెబ్బ. అందుకే ఈ ఒక్కడికి ఓపికగా రాశాను: 'తమ్మీ, అమ్మేముందు తడిపితే దొంగతనం. కొన్నంక, మన సరుకును మనం కొట్టేముందు తడుపుకుంటే అది పని.'

'మేం ఏండ్ల సంది కాయ అమ్ముతున్నం. నాకు చెప్తున్నవా? మిషన్ల కాడ ఎవ్వరు తడపరు.'

'మిషనున్నదా మీకు?'

'లేదు. మేం అమ్ముడే.'

ఇంత చక్కగా చేతికి అందించిన తరువాత ఎట్లా వదలను? 'అమ్మేటోళ్లు తడుపుతరని నువ్వే అంటివి, అమ్మేది మేమేనని నువ్వే అంటివి. ఇగ దొంగెవరో నేను చెప్పాల్నా?' అని రాశాను.

పేజీ అంతా నవ్వులు. ఆ గద్వాల మనిషి నవ్వలేదు.

అప్పటికే హైదరాబాద్‌లో ఒకాయన మా అమ్మాయితో మాట్లాడుతున్నాడు. ఆయన మంచి మంచి మాడ్‌లను ఏరి, అన్నిటినీ ఒక్క మూటగా కట్టి ఆడేవాళ్లకు ఇస్తాడట. ఆ మూటలోకి ఎక్కితే పేరొస్తుంది, ఆటలు తయారుచేసే కంపెనీకి ఉద్యోగానికి పోయినప్పుడు ఇదీ నా పని అని చూపించుకోవచ్చు. అమ్మాయి ఆశంతా దానిమీదే. ఆయన నా జవాబును ఫొటో తీసి పంపి, రెండు మాటలు రాశాడు. నీళ్లు చల్లే పద్ధతి తీసేయాలి, ఆడేవాళ్లకు విసుగొస్తోంది. జవాబులు రాసే మనిషిని మార్చాలి.

అమ్మాయి ఫోను నా ముందు పెట్టింది.

"సూడు, ఏం చేసినవో."

"నేనేం తప్పు రాసిన్నే? చదువు మళ్ల."

"తప్పని ఎవరన్నరు? గట్ల రాస్తరా అంటున్నరు."

"నీళ్లు తీసేస్తవా?"

అది ఫోను వెనక్కి తీసుకుంది. అంటే తీసేస్తుందన్నమాట. నాకు ఒళ్లు మండింది. తడపకుండా పోసినా గింజ నిండుగా వస్తే అది పల్లికాయ మిషన్ ఎట్లా అవుతుంది? పేరు మాత్రం మాది, పని ఎవరిదో. రేపు కంపెనీవాళ్ల ముందు ఇదీ నా పని అని దేన్ని చూపిస్తుంది? చదవడానికి బద్ధకించినవాళ్ల కోసం చేసినదాన్నా? ఇవన్నీ గట్టిగానే అడిగాను. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన చెప్పులు విప్పుతూ విన్నాడు.

"పిల్ల బతుకుకన్న నీకు బకెట్టు నీళ్లు ఎక్కువయినయా?" అన్నాడు.

"రేపు మిల్లుల తడపకుండ పొయ్యి మరి. నేనూ సూస్త."

"గది వేరు."

"ఎట్ల వేరు?"

"గది నిజం మిషను గదనే!"

తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను అన్నం పెట్టి, గిన్నెలు కొంచెం చప్పుడుగానే సర్దాను.

వారం తిరగకముందే నీళ్లు పోయాయి. జవాబులు రాసే అధికారం నా చేతిలోంచి పోయింది. మాడ్ మూటలోకి ఎక్కింది. ఇల్లంతా సంబరంగా ఉంది, మా ఆయన మిఠాయి కూడా తెచ్చాడు. తిన్నాను, తీపి మీద నాకు కోపం లేదు. అమ్మాయి మొహంలో వెలుగు చూసి సంతోషించలేదని కూడా అనను. అయినా పేజీ తెరిస్తే ఆ ఖాళీ కనబడేది. మొదట్లో పెద్ద అక్షరాలు లేవు, బకెట్టు బొమ్మ లేదు. గలగల ఎండిన కాయ పోస్తే నిండు గింజ దొర్లుకుంటూ వచ్చేది. ఆడేవాళ్లు మెచ్చుకుంటూ చేతులెత్తిన బొమ్మలు పెట్టేవారు. మెచ్చుకోలు చూస్తే కూడా వాంతి రావడం నాకు అప్పుడే తెలిసింది.

చివరికి నేనూ ఒక ఆటగత్తెగా పేరు నమోదు చేసుకున్నాను. ఏదో ఒక పువ్వు పేరు పెట్టుకుని కింద రాశాను: 'ఎండు కాయ తడపకుండా పోస్తే గింజ పగలాలి కదా? మీ మిషన్లో ఎందుకు పగలడం లేదు? రెసిపీలో నీళ్లు పెట్టండి. ఎవరి మెప్పుకోసమో తీసేసిన దానికి సిగ్గుపడండి.'

కాసేపటికి జవాబొచ్చింది. 'మీ విలువైన సలహాకు ధన్యవాదాలండి. తప్పకుండా పరిశీలిస్తాం.'

లేచి పక్క గది తలుపు దగ్గరికి వెళ్లాను. అమ్మాయి కంప్యూటరు ముందే ఉంది.

"గది నేనని నీకు ఎరుక లేదా?"

"ఎందుకెరుక లేదు? సిగ్గుపడుమని ఇంకెవరు రాస్తరు?"

"మరి పరిశీలిస్తమని రాసినవేందే?"

"అందరికీ గదే రాస్తున్ననమ్మా," అంది తల తిప్పకుండా.

ఆ ఆటగాళ్లు రాసిన చెత్తంతా కలిపినా నాకు అంత రోత పుట్టలేదు. నా గదిలోకి తిరిగొచ్చి అదే పేజీలో రెండో ప్రశ్న మొదలుపెట్టాను. ఈసారి గానుగ గురించి.